హాట్ టబ్‌లో ఎంజైమ్ వేస్తే ఆ జిడ్డంతా ఎటు పోతుంది?

హాట్ టబ్, అంటే జెట్లతో నీళ్ళు చిమ్మి తిప్పే వేడి నీళ్ళ తొట్టి, దాని మూత తీసి, నీళ్ళ అంచు గోడకి తగిలే చోట వేలు పెట్టి ఒకసారి రాసి చూస్తే సన్నగా బూడిదరంగు జిడ్డు అంటుకుంటుంది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే జారుతుంది, ఉత్త నీళ్ళతో కడిగితే పోదు, సబ్బు పెట్టాల్సిందే. నీళ్ళు చూస్తే అద్దంలా ఉంటాయి, టెస్ట్ స్ట్రిప్ ముంచితే క్లోరిన్ సరిపోయిందనే చూపిస్తుంది, అయినా సరే ఆ గీత మాత్రం తుడిచిన వారానికి మళ్ళీ వచ్చేస్తుంది. చాలామంది ఎంజైమ్ బాటిల్ కొనేది ఈ గీత చూసే. బాటిల్ మీద రాసేవి కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, జిడ్డుని తినేస్తుంది, లోషన్లని విరగ్గొడుతుంది, క్లోరిన్ వాడకం తగ్గుతుంది, నీళ్ళు చాలాకాలం మార్చక్కర్లేదు, పైగా పూర్తిగా సహజం అని. ఇందులో కొంత నిజమే, కొంత సాగదీసి చెప్పింది, ఒక్క ముక్క మాత్రం అలాగే నమ్మితే ఒంటి మీదకి వచ్చేది. ఏది ఏదో విడదీయాలంటే ఆ జిడ్డులో అసలు ఏముందో, ఎంజైమ్ దాన్ని ఎక్కడ పట్టుకుంటుందో, పట్టుకున్నాక ఏమవుతుందో చూడాలి.

ముందు హాట్ టబ్ నీళ్ళు ఎందుకంత త్వరగా పాడవుతాయో చూద్దాం. ఇంట్లో వాడే టబ్‌లో పట్టేది మామూలుగా 1,000 నుంచి 1,500 లీటర్లు, ఓ మోస్తరు స్విమ్మింగ్ పూల్ అయితే 50,000 లీటర్లు అనుకోవచ్చు. నలుగురు టబ్‌లో దిగితే ఒక్కో మనిషి వంతుకి 300 లీటర్లు వస్తాయి, అదే నలుగురు పూల్‌లో దిగితే ఒక్కొక్కరికీ 12,500 లీటర్లు. మనిషి మాత్రం అదే మనిషి కదా, ఒంటి జిడ్డూ రాసుకున్న క్రీమూ అంతే. పైగా ఇక్కడ నీళ్ళు 38, 39 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి ఒళ్ళు వేడెక్కి చెమట బాగా పోస్తుంది, నీళ్ళల్లో ఉన్నాం కాబట్టి పోసినట్టు తెలియదు. జెట్లు ఆన్ చేస్తే ఆ ఒరిపిడికి చర్మం మీద ఉన్నదంతా ఊడి నీళ్ళల్లో కలుస్తుంది, సన్నసన్న బొట్లుగా చితికి ఫిల్టర్ దాకా, పైపుల లోపలి దాకా వెళ్తుంది. పూల్‌లో కనపడకుండా కలిసిపోయేదే ఇక్కడ గోడకి గీతగా కనిపిస్తుంది, అంతే తేడా.

ఇక ఎంజైమ్ సంగతి. ఎంజైమ్ అంటే ఒక ప్రొటీన్, బతికున్న సూక్ష్మజీవి కాదు. బాసిల్లస్ లాంటి బాక్టీరియాలోనో ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజులోనో తయారుచేయించి, వడగట్టి, ఆ ప్రొటీన్‌ని మాత్రం ద్రవంలో కలిపి బాటిల్‌లో పోస్తారు. చెరువులకీ సెప్టిక్ ట్యాంకులకీ అమ్మే వాటిలో బతికున్న బాక్టీరియా కూడా ఉంటాయి, అవి హాట్ టబ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ వెయ్యకూడదు, లేబుల్ సరిగ్గా చదవకపోతే ఈ పొరపాటు జరగడం తేలికే. ఎంజైమ్ చేసే పని కత్తెర పని, కాకపోతే ప్రతి కత్తెరా ఒకే రకం ముడిని కత్తిరిస్తుంది. లైపేజ్ కొవ్వుల్లో ఉండే ఎస్టర్ బంధాన్ని, ప్రొటియేజ్ ప్రొటీన్ ముక్కల మధ్య బంధాన్ని, అమైలేజ్ పిండి పదార్థాన్ని. ఈ ఐడియా కొత్తదేం కాదు, బట్టల మురికి మీద ఎంజైమ్ వాడే పద్ధతికి 1913లోనే జర్మనీలో ఓటో రోమ్ పేటెంట్ తీసుకున్నాడు, 1960ల్లో బట్టల పౌడర్లలో ప్రొటియేజ్ వచ్చింది, 1980ల చివర్లో లైపేజ్ వచ్చింది. టబ్ బాటిల్‌లో ఉండేవి ఆ కుటుంబానికి చెందినవే.

టబ్ నీళ్ళు నిజానికి వీటికి బాగా నప్పుతాయి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, వేడి 40 లోపల, నీళ్ళు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి, చాలా లైపేజ్‌లకి ఇది సుఖమైన చోటు. లైపేజ్ పని చేసేది జిడ్డూ నీళ్ళూ కలిసే అంచు మీద, అంటే జిడ్డు బొట్టు పైపొర మీద, కాబట్టి జెట్లు జిడ్డుని ఎంత సన్నగా చితక్కొడితే దానికి అంత చోటు దొరుకుతుంది. అయితే ఇది గంటల్లో, రోజుల్లో జరిగే పని, సాయంత్రం పోసి రాత్రికి నీళ్ళు తేటపడలేదే అనుకుంటే లాభం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కత్తిరించిన ముక్కలు ఎటు పోతాయి?

ఎటూ పోవు. లైపేజ్ ఒక కొవ్వు అణువుని నీటి సాయంతో విడగొడితే గ్లిజరాలూ ఫ్యాటీ యాసిడ్లూ వస్తాయి, ఆ రెండూ టబ్‌లోనే ఉంటాయి. ప్రొటియేజ్ కత్తిరించిన ప్రొటీన్ చిన్న పెప్టైడ్లుగా, అమైనో యాసిడ్లుగా అక్కడే ఉంటుంది. కొన్ని ప్రకటనల్లో జిడ్డు కార్బన్ డయాక్సైడ్‌గానూ నీరుగానూ మారిపోతుందని రాస్తుంటారు, బతికున్న బాక్టీరియా తిని ఊపిరి పీల్చుకుంటే అలా అవుతుంది గానీ ఇలాంటి ఎంజైమ్‌లు మాత్రమే ఉన్న ద్రవానికి ఆ శక్తి లేదు, అది ముక్కలు చేసి ఆగిపోతుంది. నీళ్ళల్లోకి వచ్చిన కార్బన్ ఎంతో అంతే ఉంటుంది, రూపం మారుతుంది. గ్లిజరాల్ నీళ్ళల్లో పూర్తిగా కరుగుతుంది కాబట్టి కంటికి కనపడదు. దాన్ని క్లోరిన్ నెమ్మదిగా కాల్చాలి, లేదా నీళ్ళు మార్చినప్పుడు బయటికి పోవాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే బాటిల్ మీద మాటల్లో ఏది నమ్మాలో చాలావరకు తేలిపోతుంది.

అలాగని పని జరగలేదని కాదు. గోడకి అంటుకునే, ఫిల్టర్ మడతల్లో కూరుకుపోయే బరువైన కొవ్వుని విడగొట్టడం చిన్న సంగతేం కాదు. గీత పలచబడుతుంది, తుడిస్తే తేలిగ్గా పోతుంది, ఫిల్టర్‌లోంచి నీళ్ళు ఎక్కువ రోజులు ధారాళంగా వస్తాయి. అయితే నీళ్ళు కఠినంగా ఉన్న చోట ఇంకో చిక్కు ఉంది, విడిపోయిన ఫ్యాటీ యాసిడ్లు కాల్షియంతో కలిస్తే కరగని సబ్బు తెట్టు అవుతుంది, స్నానాల గదిలో బకెట్ అంచున తెల్లగా గరుకుగా పేరుకుంటుందే, అదే. ఎంజైమ్ మొదలుపెట్టిన కొత్తలో కొన్ని టబ్‌లలో ఇలా తెల్లటి రేణువులు తేలితే మందు పాడైందని కంగారు పడక్కర్లేదు, ఫిల్టర్ తీసి కడిగితే చాలు, కాల్షియం మాత్రం ఒకసారి టెస్ట్ చేసుకోవాలి.

ఇంకో సంగతి, జిడ్డంతా ఒకే రకం కాదు. మనిషి చర్మం నుంచి వచ్చే నూనెలో సగానికి పైగా ట్రైగ్లిజరైడ్లూ వాటినుంచి విడిపోయిన ఫ్యాటీ యాసిడ్లే, వీటి దగ్గర లైపేజ్ దర్జాగా పని చేస్తుంది. నాలుగో వంతు దాకా మైనం లాంటి ఎస్టర్లు, వీటిని కొన్ని లైపేజ్‌లు మెల్లిగా కత్తిరిస్తాయి. సుమారు 12 శాతం స్క్వాలీన్, ఇది ఉత్త హైడ్రోకార్బన్, ఇందులో ఎస్టర్ బంధం అన్నదే లేదు, కత్తిరించడానికి ముడే లేనప్పుడు కత్తెర ఏం చేస్తుంది. ఒంటికి రాసుకునే వాటిలో అయితే కథ ఇంకా అన్యాయం. బేబీ ఆయిల్‌లో ఉండేది మినరల్ ఆయిల్, కండిషనర్లలో, మేకప్‌లో సిలికోన్లు, సన్‌స్క్రీన్‌లలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి ఖనిజాలు, వీటిలో దేన్నీ లైపేజ్ ముట్టుకోదు. లోషన్లని విరగ్గొడుతుంది అన్న మాట ఏ లోషన్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుందన్నమాట. వాటికి ఫిల్టరూ, నీళ్ళ మీద తేలేసే జిడ్డు పీల్చే స్పాంజీ తప్ప దారి లేదు, కొత్త టెన్నిస్ బంతి ఒకటి వదిలినా పైనున్న నూగు కొంత జిడ్డుని పట్టుకుంటుంది.

నురగది వేరే కథ. జెట్లు ఆన్ చెయ్యగానే నురగ లేచి, ఆపినా పోకుండా ఉంటే చాలాసార్లు కారణం స్విమ్‌సూట్‌లలో మిగిలిపోయిన డిటర్జెంటూ, జుట్టులోని షాంపూనూ. ఇవి తయారుచేసిన సర్ఫక్టెంట్లు, అంటే మురికిని వదిలించి నురగ లేపే రసాయనాలు, టబ్ ఎంజైమ్‌లు వీటిని పెద్దగా ఏమీ చెయ్యలేవు. నురగ కోసం ఎంజైమ్ కొంటే డబ్బు నీళ్ళల్లో పోసినట్టే అవుతుంది. బట్టల్ని ఇంకోసారి ఉత్త నీళ్ళల్లో జాడించి వేసుకుంటే ఫలితం వెంటనే కనపడుతుంది.

చెమట దగ్గరికి వస్తే, అందులో ఉప్పు తర్వాత క్లోరిన్‌ని విసిగించేది యూరియా. యూరియా క్లోరిన్‌తో మెల్లిగా కలిసి క్లోరమైన్‌లుగా మారుతుంది, కళ్ళు మండించే ఆ ఘాటు వాసన వాటిదే, చాలామంది దాన్ని క్లోరిన్ ఎక్కువైన వాసన అనుకుంటారు గానీ నిజానికి సరిపడా క్లోరిన్ లేనప్పుడే అది ఎక్కువగా వస్తుంది. మరి యూరియాని విడగొట్టే ఎంజైమ్ లేదా అంటే ఉంది, యూరియేజ్ అంటారు, 1926లో మొట్టమొదట స్ఫటికంగా తీసిన ఎంజైమ్ అదే. కానీ అది యూరియాని అమ్మోనియాగా మారుస్తుంది, అమ్మోనియా క్లోరిన్‌తో యూరియా కంటే ఎన్నో రెట్లు వేగంగా కలుస్తుంది, అంటే టబ్‌లో వేస్తే క్లోరిన్ మొత్తాన్ని అప్పటికప్పుడు మింగేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ప్రొటియేజ్ విషయంలో కూడా కొంత ఇలాంటి చిక్కే ఉంది, ప్రొటీన్ విడిపోయి వచ్చే అమైనో యాసిడ్లు క్లోరిన్‌తో చప్పున కలుస్తాయి. కాబట్టి ఎంజైమ్ వేస్తే క్లోరిన్ ఖర్చు తప్పకుండా తగ్గుతుంది అన్నది అంత సూటిగా చెప్పగలిగే మాట కాదు. కొన్ని టబ్‌లలో తగ్గొచ్చు, అది కొలిచి చూసుకోవాల్సిందే తప్ప బాటిల్ చెప్పేది కాదు.

క్లోరిన్‌కీ ఎంజైమ్‌కీ మధ్య పొత్తు ఎలా కుదురుతుందన్నది చాలామందికి వచ్చే అనుమానం. క్లోరిన్ బాక్టీరియా ప్రొటీన్లని ఎలా చెడగొట్టి చంపుతుందో, ఎంజైమ్ కూడా ప్రొటీనే కాబట్టి దాన్నీ అలాగే చెడగొడుతుంది. ముఖ్యంగా గంధకం ఉన్న అమైనో యాసిడ్ల మీద ముందు పడుతుంది. రోజువారీ మోతాదులో ఇది నెమ్మదిగా జరుగుతుంది, అందుకే ఎంజైమ్‌ని వారం వారం వెయ్యమంటారు. అదే షాక్ చేసినప్పుడు, అంటే క్లోరిన్‌ని 10 పీపీఎమ్ (పది లక్షల వంతుల నీళ్ళకి పది వంతులు) దాకా లేపినప్పుడు, ఎంజైమ్ మీద పెట్టిందంతా వృథా. క్లోరిన్ లేని షాక్ అని అమ్మే మోనోపర్‌సల్ఫేట్ కూడా గట్టి ఆక్సిడైజరే, దాని పక్కన కూడా ఎంజైమ్ నిలవదు. సరైన వరస ఏంటంటే ముందు షాక్, ఆ క్లోరిన్ మామూలు స్థాయికి దిగాక, అంటే ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు ఎంజైమ్. ఇంకో ముచ్చట, ప్రొటియేజ్ పక్కనున్న లైపేజ్‌ని కూడా కత్తిరించేస్తుంది, తనని తాను కూడా వదలదు, అందుకే ద్రవ డిటర్జెంట్లలో వీటిని నిలబెట్టడానికి ప్రొపిలిన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు. అలాంటి బాటిల్‌ని ఎండలోనో హీటర్ పక్కనో వదిలేస్తే లోపల ఉన్నది కొన్నాళ్ళకి రంగు నీళ్ళే. నీడలో, చల్లని చోట పెట్టాలి.

ఇప్పుడు ఆ ప్రమాదం సంగతి. ఎంజైమ్ వేస్తున్నాం కదా, ఇక క్లోరిన్ తగ్గించేద్దాం, లేదా అసలు మానేద్దాం అనుకోవడం. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి, టబ్ ఎంజైమ్ ఒక్క క్రిమిని కూడా చంపదు. సూడోమోనాస్ అనే బాక్టీరియా క్లోరిన్ పడిపోయిన వేడి నీళ్ళల్లో పెరిగి, దిగినవాళ్ళకి కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఒళ్ళంతా దురద పెట్టే ఎర్రటి పొక్కులు తెప్పిస్తుంది, స్విమ్‌సూట్ కింద తడి ఆరని చోట ఇంకా ఎక్కువ వస్తాయి. అంతకంటే భయపడాల్సింది లెజియోనెల్లా, ఇది 25 నుంచి 45 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, హాట్ టబ్ వేడి సరిగ్గా అందులోనే ఉంటుంది. జెట్ల నుంచి లేచే సన్నని తుంపర పీల్చితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెప్పిస్తుంది. 1999 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో బోవెన్‌కార్స్‌పెల్ ఊళ్ళో జరిగిన పూల ప్రదర్శనలో షో కోసం పెట్టిన ఒక వర్ల్‌పూల్ టబ్ నుంచి ఈ జబ్బు వ్యాపించి కనీసం 32 మంది చనిపోయారు. ఆ టబ్ అక్కడ పెట్టింది స్నానానికి కాదు, ఊరికే చూపించడానికి, పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళకే అంటుకుంది. ఒంటి జిడ్డు ప్రసక్తే లేని నీళ్ళు అవి, నీళ్ళు తేటగా ఉండటం వేరు, క్షేమంగా ఉండటం వేరు అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

పైగా ఎంజైమ్ పెద్ద జిడ్డుని చిన్న ముక్కలు చేస్తుందని చూశాం కదా, ఆ చిన్న ముక్కలు బాక్టీరియాకి మింగడానికి ఇంకా తేలిక. క్లోరిన్ ఉంటే ఇది లెక్కలోకి రాదు, లేకపోతే మాత్రం వాటికి అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టే. అమెరికాలో ప్రజారోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ చెప్పే లెక్క ప్రకారం హాట్ టబ్‌లో ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా దేనితోనూ కలవకుండా పనికి సిద్ధంగా ఉన్న క్లోరిన్, కనీసం 3 పీపీఎమ్, క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడితే కనీసం 4 పీపీఎమ్, పీహెచ్ 7.0 నుంచి 7.8, వేడి 40 డిగ్రీలు దాటకూడదు. ఎంజైమ్ వేసినా వెయ్యకపోయినా ఈ అంకెలు మారవు.

ఎంజైమ్ నిజంగా విలువ చూపించే చోటు ఫిల్టర్. మడతల మడతల పాలిస్టర్ కాట్రిడ్జ్‌ని బయటికి తీసి ఒక మడత విప్పి వెలుతురుకి పెడితే, కొత్తప్పుడు తెల్లగా ఉన్న గుడ్డ లేత గోధుమ రంగులోకి మారి, చేత్తో తాకితే మైనం పూసినట్టు తగులుతుంది. పైపు పెట్టి కడిగితే మట్టి పోతుంది గానీ ఆ మైనం పోదు, నీళ్ళు గుడ్డలోకి ఇంకకుండా పైనుంచి బొట్లుగా జారిపోతాయి. దీన్ని ఒక బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఎంజైమో, ఫిల్టర్ క్లీనరో కలిపి రాత్రంతా నానబెడితే పొద్దున్నకి నీళ్ళు మురికిగా మారతాయి, గుడ్డ మళ్ళీ నీళ్ళు పీలుస్తుంది. ఇక్కడ ఎంజైమ్‌కి కావాల్సినవన్నీ దొరుకుతాయి, సమయం ఉంది, పలచబడని మోతాదు ఉంది, చెడగొట్టే క్లోరిన్ లేదు. సున్నం పేరుకుందని ముందే యాసిడ్‌లో ముంచితే మాత్రం జిడ్డు గుడ్డకి పట్టేసి ఇంకా మొండిగా తయారవుతుంది, జిడ్డు వదిలించాకే యాసిడ్ జోలికి వెళ్ళాలి.

పైపుల లోపల పట్టే బయోఫిల్మ్, అంటే బాక్టీరియా తన చుట్టూ అల్లుకునే జిగురు పొర, దాని విషయంలో కూడా ఎంజైమ్‌లు జిగురుని కొంత వదులు చేస్తాయి. కానీ వదులైన దాన్ని అక్కడే వదిలేస్తే మళ్ళీ అతుక్కుంటుంది. అందుకే పైపులు శుభ్రం చేసే మందు ఏదైనా నీళ్ళు మార్చేముందు వేసి, జెట్లు తిప్పి, నురగతో బయటికి వచ్చిందంతా తుడిచి, ఆ నీళ్ళు పూర్తిగా తీసేసి, కొత్త నీళ్ళకి గట్టిగా క్లోరిన్ పెట్టాలి.

అసలు జిడ్డు నీళ్ళల్లోకి రాకుండా చూసుకుంటే ఈ గొడవలో సగం ఉండదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అనలేదు. దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఒంటి మీద ఉన్నదాంట్లో చాలావరకు పోతుందని సీడీసీ కూడా చెప్తుంది, ఏ బాటిల్ చేసే పనికైనా ఇది ముందే చేసిన పని, అదీ స్క్వాలీనా సిలికోనా అని చూడకుండా.

నీళ్ళు మార్చడం గురించి పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది, టబ్‌లో ఎన్ని గ్యాలన్లు పడతాయో దాన్ని 3తో భాగించి, వచ్చిన దాన్ని రోజుకి దిగే మనుషుల సంఖ్యతో భాగిస్తే ఎన్ని రోజులకి మార్చాలో వస్తుంది. 1,200 లీటర్ల టబ్ అంటే 317 గ్యాలన్లు, రోజూ ఇద్దరు దిగితే దగ్గరదగ్గర 53 రోజులు. ఎంజైమ్ వేస్తే ఏడాది దాకా అక్కర్లేదు అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు, ఎందుకంటే నీళ్ళు ముసలివయ్యేది ఒక్క జిడ్డు వల్లే కాదు, ఉప్పు, యూరియా, క్లోరిన్ వదిలిపోయే మిగతా లవణాలు, వీటిలో వేటినీ ఎంజైమ్ తగ్గించదు.

మోతాదు కూడా ఎక్కువైతే ఎక్కువ మంచిది అనుకోవద్దు. 1960ల చివర్లో ఎంజైమ్ పొడి పీల్చిన డిటర్జెంట్ ఫ్యాక్టరీ కార్మికులకి ఆస్తమా వచ్చిన సంగతి 1969లో బయటపడింది, ఆ తర్వాతే పౌడర్ ఎగరకుండా గుళికలుగా చెయ్యడం మొదలైంది. టబ్‌లో పోసేది పలచటి ద్రవమే, దానికీ దీనికీ పోలిక లేదు, అయినా జెట్లు తుంపర లేపే చోట లేబుల్ చెప్పిన కొలత దాటించడానికి కారణం ఏమీ లేదు.

ఇంతా చదివాక తమ టబ్‌కి ఎంజైమ్ అవసరమా కాదా తేల్చుకోవాలంటే బాటిల్ కంటే చుక్కల మందు వేసి క్లోరిన్ కొలిచే ఒక మంచి డ్రాప్ టెస్ట్ కిట్ ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎవరూ దిగని ఒక రోజు చూసుకుని క్లోరిన్ వేసి, అరగంట జెట్లు తిప్పి, ఫ్రీ క్లోరిన్ ఎంతుందో రాసుకోవాలి, మూత వేసి 24 గంటల తర్వాత మళ్ళీ కొలవాలి. తగ్గింది నాలుగో వంతు లోపలే ఉంటే నీళ్ళు బాగున్నట్టు, అక్కడ ఎంజైమ్‌కి పెద్ద పనేం లేదు. సగం దాకా పడిపోతే నీళ్ళల్లోనో పైపుల్లోనో ఏదో క్లోరిన్‌ని తినేస్తోంది, ముందు షాక్ చేసి ఫిల్టర్ కడిగి, దానికీ తగ్గకపోతే పైపులు కడిగి నీళ్ళు మార్చాలి. అదయ్యాక ఎంజైమ్ లేకుండా రెండు వారాలు, ఎంజైమ్‌తో రెండు వారాలు, మనుషులూ వాడకమూ దాదాపు ఒకేలా ఉండేట్టు చూసుకుని వారానికోసారి ఇదే కొలత తీసుకోవాలి, కొలిచిన రోజే తెల్లటి కాగితం న్యాప్‌కిన్‌తో గోడ మీద గీతని ఒక జానెడు మేర తుడిచి, వెనక తేదీ రాసి దాచుకోవాలి. నాలుగు వారాలయ్యాక ఆ నాలుగు న్యాప్‌కిన్లూ పక్కపక్కన పరిచి, క్లోరిన్ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే, ఆ టబ్‌లో ఆ ఎంజైమ్ గీతకి పనికొచ్చిందా, క్లోరిన్‌కి పనికొచ్చిందా, రెండింటికీనా, దేనికీ కాదా అన్నది ఎవర్నీ అడగక్కర్లేకుండా కనపడుతుంది.